తెర మీద నీ పేరు

నాయనా,

నువ్వు పోయి ఈరోజుకి ఏడాది. బతికున్నప్పుడే నీకు అక్షరాలు రావు, ఇప్పుడు ఎవరు చదివి చెప్తారు? అయినా కోపం ఆగక రాస్తాండా.

మద్రాసులో నేను చేరిన కంప్యూటర్ కంపెనీలో, వరి తెగులు పేరు చెప్పే మిషన్ చేస్తాంటిమి కదా. అక్కడ ఎవరికీ వరి తెలీదు. అందుకే మన ఊరు కనకమ్మసత్రంలో మడి గట్టున కూర్చోని నిన్ను అడిగి రాసుకున్నా. ఆకు కొన ఎండితే ఏమి, నడుమ మచ్చ పడితే ఏమి అని ఓపిగ్గా చెప్పినావు. అదంతా ప్రోగ్రాముగా రాసి, మొదటి వరుసలో నీ పేరు పెట్టినా.

నిన్న పెద్దాఫీసర్లు చూసి, "ఈ తెలివి ఎవరిది?" అన్నారు.

"నాదే సార్" అన్నాడు మా మేనేజరు.

నేను లేచి, "కాదు సార్, మా నాయనది" అన్నా.

వాళ్లు పోయినాక మేనేజరు ప్రోగ్రాము తెరిచి, తెర మీద ఆ మొదటి వరుస చూసి అరిచినాడు. "సంతకం రాని సేద్యగాని పేరా? తుడిచెయ్. లేదంటే రేపట్నుంచి రావద్దు."

"ఆ సేద్యగాడు చెప్పకుంటే మీ మిషన్‌కి గడ్డికీ వరికీ తేడా తెలీదు" అని, సంచీ తీసుకోని మన ఊరి దోవన పోయే తిరువళ్ళూరు బండెక్కినా.

ఈపాటికి వాళ్లే తుడిచేసింటారు. నా చేత్తో మాత్రం తుడవలేదు నాయనా.