పదకొండు సెకన్లు

వదినకు,

మీ గుండీల కౌంటరు మూసేయడం లేదు. ముందు ఆ మాట చదివి కాస్త కూర్చోండి.

అమ్మకాలు తక్కువని మూసేయాల్సిన వాటి జాబితాలో మీ కౌంటరు పేరు రాసింది నేనే. చెప్పడానికి నోరు రాలేదు. తర్వాత మా హెడ్డాఫీసులో పెద్దసారు ప్రతి సరుకు మీదా అది ఆక్రమించే చోటుకు అద్దె, వాడే కరెంటు, అమ్మే మనిషి సమయానికయ్యే ఖర్చు పంచి లాభం చూడమన్నారు. పన్నెండు షాపులకూ లెక్క కట్టాను. జనం ఎగబడి కొనే ఐస్‌క్రీము, ఫ్రీజర్ల కరెంటు పంచేసరికి నష్టంలో పడింది.

పోయిన నెల నేను మీ షాపుకు ఊరికే వచ్చాననుకున్నారు కదా? మీ సమయం కొలవడానికి వచ్చాను. ఒకావిడ గుండీ ఊడిన చొక్కా చూపించగానే, ఆవిడతో కబుర్లాడుతూనే, వెనక్కి తిరిగి చూడకుండానే, మూడొందల డబ్బాల్లో సరైన దాంట్లో చెయ్యి పెట్టారు. పదకొండు సెకన్లు! గడియారం పాడైందేమోనని సాయంత్రం దాకా కొలిచాను. ఆరేళ్లు మీతో ఒకే ఇంట్లో ఉన్నా నాకిది తెలియదు.

ఒక్కో అడుగు చోటుకు వచ్చే లాభంలో అన్నిటికంటే పైన మీ గుండీలే ఉన్నాయి. పెద్దసారు కాగితం రెండుసార్లు తిరగేసి, "ఎవరమ్మా ఈవిడ?" అన్నారు.

"మా వదినండీ" అన్నాను.

సోమవారం మిగతా షాపుల నుంచి ఇద్దరమ్మాయిలు మీ దగ్గర పని నేర్చుకోవడానికి వస్తున్నారు. మూడో మనిషిగా నేనూ వచ్చి నిలబడతాను, కాదనకండి.

మీ ఆడపడుచు