సుజాత పేరు మీద వచ్చిన అనుమతి

మంగళవారం రాత్రి, రాజాం

పాత పద్ధతికి ఈరోజే ఆఖరు. రేపటి నుంచి మా లిఫ్టు బ్రేకుల ఫ్యాక్టరీలో డిజైన్, తనిఖీ, మిషన్లు అన్నీ ఒకే సిస్టమ్‌లో నడుస్తాయి. తనిఖీవాళ్లు ఒప్పుకోగానే కొత్త డ్రాయింగ్ మిషన్‌కు దానంతటదే వెళ్తుంది.

మధ్యాహ్నం ట్రయల్‌కని, బ్రేకు ప్లేటు మందం తగ్గించిన డ్రాయింగ్ పెట్టాం. ఇంకా పరీక్షించనిది. తనిఖీ దగ్గర ఆగాలి. ఆగలేదు. మిషన్ దగ్గరి నుంచి నా బావమరిది రమణ ఫోన్ చేశాడు.

"బావా, అక్క పేరు మీద ఓకే వచ్చీసింది. ప్లేటు కోసీబోతన్నాది, ఆపీసినాను. ఏటి సెయ్యమంటావు?"

కంప్యూటర్‌లో ఆ ఓకే వెతికి చూశాను, సుజాత పేరే.

"ఉన్నావేటి బావా?"

తనిఖీ సుజాతే చూసేది. ఆమె పోయి ఏడాది కావస్తున్నా సిస్టమ్‌లో పేరు ఎవరూ తీయలేదు. గంటలో జవాబు రాకపోతే ఒప్పుకున్నట్టే లెక్కట. సుజాత నచ్చనప్పుడే మాట్లాడకుండా ఉండేది, ఇంట్లోనైనా ఆఫీసులోనైనా.

రమణ చూడకపోతే ఆ పలుచని ప్లేట్లు ఎవరి లిఫ్టులోకి వెళ్లేవో. రేపటి షిఫ్టులో రమణ ఉండడు.

పొద్దున్నే, మిషన్లు మొదలవకముందే వెళ్లి, జవాబు రాకపోతే పని ఆగేలా మార్పిస్తాను. ఆమె పేరు మాత్రం నేనే తీస్తాను.