గాలి ఎటు పోవాలి

24 ఆగస్టు 2025, ఆదివారం. మధ్యాహ్నం

మళ్లీ ఆగిపోయింది. ఈసారి పదకొండు నిమిషాలు నడిచింది.

అన్న కంప్యూటర్ సంగతి. ఏడాదిగా ముందు గదిలో దుప్పటి కప్పి పెట్టాం. పోయిన వారమే తీశాను. బెంజమిన్ అన్న పోయి వచ్చే నెల పద్నాలుగుకు ఏడాది. చర్చిలో పూజ, ఇంట్లో భోజనాలు. అమ్మకు ఒకటే కోరిక. ఆ రోజు వాడి గొంతు వినాలి. పెట్టెలో ఉంది, తీయి బిడ్డా అంటుంది. పెట్టె అంటే ఇదే.

దమ్మపేట చుట్టుపక్కల ఎవరు పాట పాడినా అన్నే రికార్డు చేసేవాడు, ఈ గదిలోనే. పెళ్లి పాటలు, చర్చి పాటలు, తండా వాళ్ల పాటలు, అన్నీ. అన్నను మాత్రం ఎవరూ రికార్డు చేయలేదు. వాడి ఫోన్ ఖమ్మం దవాఖానాలో పోయింది. నా ఫోన్లో వాడి వాయిస్ మెసేజ్ ఒక్కటి లేదు. ఒకే ఇంట్లో ఉండేవాళ్లం, వాయిస్ మెసేజ్‌లు ఎందుకు పెట్టుకుంటాం?

ఒక్క ఆశ ఉంది. 'అమ్మ' అనే ఫోల్డర్. అమ్మ ఒక పాట పాడిందట. నువ్వు పాడినంక నేను పాడి కలుపుతా అన్నాడట వాడు. ఆ సాయంత్రం తలుపేసుకుని గదిలోనే ఉన్నాడు. కలిపే ఉంటడు అంటుంది అమ్మ.

ఫైల్ తెరిస్తే లోడ్ అవుతూ అవుతూ లోపలి ఫ్యాన్ గోల పెడుతుంది. తర్వాత స్క్రీన్ నలుపు.

26 ఆగస్టు

ల్యాబ్‌లో ముప్ఫై నాలుగు రక్తం శాంపిళ్లు తీశాను. అన్నీ జ్వరాలే. ఇంటికొచ్చి పెట్టె ముట్టలేదు.

28 ఆగస్టు, సాయంత్రం 5

ఖాలిద్ భాయ్‌కి వీడియో కాల్ చేశాను. సత్తుపల్లిలో కంప్యూటర్లు బాగు చేస్తాడు, అన్నకు దోస్తు. పక్క రేకు ఊడదీసి చూపించమన్నాడు. తీశాను. యేసయ్యా! ఏడాది దుమ్ము, అందులో బల్లి గుడ్లు రెండు.

మధ్యలో సన్నటి లోహపు రేకుల గుట్టలాంటిది ఉంది, కూలర్ అంటారట. ప్రాసెసర్ వేడిని అది పీల్చుకుంటుందట. దానికి ముందొక ఫ్యాన్, వెనకొక ఫ్యాన్. ఒకటి గాలి లోపలికి తోస్తుంది, ఒకటి బయటికి లాగుతుంది. వెనకది తిరగడమే లేదు. ముందుది కటకటమంటూ ఆగి ఆగి తిరుగుతోంది. కూలర్ పాతదే గానీ మస్తు మంచిది చెల్లె, దాన్ని మార్చేది లేదు, ఫ్యాన్లు రెండూ మార్చెయ్, వీలైతే ప్రాసెసర్ మీద పూసే పేస్ట్ కూడా కొత్తది రాయి అన్నాడు. నేను పంపిస్తలే, జల్దీ ఏం లేదు కదా అన్నాడు.

జల్దీ ఉంది భాయ్ అన్నాను. ఎందుకో చెప్పాను. అయితే బస్సుల పంపిస్త అన్నాడు.

30 ఆగస్టు, ఉదయం 7

ఒక సంగతి రాయకుండా దాటేస్తున్నాను. రాస్తాను.

అమ్మ గదిలోకి వస్తే ఫ్యాన్ జోరందుకుంటుంది. నేను చూశాను. నాలుగుసార్లు చూశాను. అమ్మ వచ్చి కుర్చీలో కూర్చుంటుంది, ఫ్యాన్ గురక పెట్టి లేస్తుంది, మళ్లీ దిగుతుంది. వాడే, వచ్చిండు అంటుంది అమ్మ. టీ తాగినవా నాయినా అని అడుగుతుంది. ఫ్యాన్ని!

మాది క్యాథలిక్ ఇల్లు. గాలి, ధూళి అని ఎవరన్నా అంటే అమ్మ తిట్టి పంపేది. నిన్న పక్కింటి సక్రి పామాయిల్ తోటకు పోతూ ఆ చప్పుడు విని వచ్చి, ఈ పెట్టెకు గాలి సోకినట్టుందే జోజమ్మక్కా అంది. అమ్మ తిట్టలేదు. నవ్వింది కూడా.

వేడెక్కితే ఫ్యాన్ లేస్తుంది, చల్లబడితే దిగుతుంది. అంతే. పొద్దున అమ్మ రాగానే నేను ఫైల్ తెరుస్తాను, వేడి పెరుగుతుంది. నాకు తెలుసు. తెలిసినా మెడ మీద వెంట్రుకలు లేస్తున్నాయి.

1 సెప్టెంబర్

ఫ్యాన్లు వచ్చాయి. ఖాలిద్ భాయ్ పేస్ట్ ట్యూబ్‌తో కలిపి సత్తుపల్లి బస్సు కండక్టర్ చేతికిచ్చి పంపాడు. స్క్రూడ్రైవర్ తీసి కూర్చున్నాను. అమ్మ అడిగింది, ఏంది అది? నేను తొందరలో ఉన్నాను. ఈ గాలి పనికిరాదమ్మా, తీసేసి కొత్తది పెడుతున్నా అన్నాను.

ఎంత పొరపాటు మాట! అమ్మ ముఖం తెల్లబోయింది. వాడిని తీసేస్తవా, కొత్తోడిని పెడ్తవా అంది. ఫ్యాన్ గాలి అమ్మా, తిరిగే గాలి అన్నాను. వినలేదు. తీస్తే నా చేతికియ్యి అంది. ఇచ్చాను. రెండు పాత ఫ్యాన్లనూ కొంగులో కట్టుకుని లోపలికి పోయింది. నాకు కోపమొచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. కోపమే ఎక్కువ వచ్చిందని రాసుకుంటున్నాను, అబద్ధం.

2 సెప్టెంబర్, సాయంత్రం

పేస్ట్ రాసి, ఫ్యాన్లు రెండూ బిగించాను. నాలుగు నిమిషాల్లోనే తొంభై డిగ్రీలు. ముందుకన్నా అధ్వాన్నం!

ఖాలిద్ భాయ్ వీడియోలో చూసి పకపకా నవ్వాడు. రెండూ ఎదురెదురుగా పెట్టినవ్ చెల్లె, కొట్టుకుంటున్నయ్ అన్నాడు. ఇంట్లో టేబుల్ ఫ్యాన్ చూసి చూసి, రెక్కలు బాగా కనబడే ముఖం వైపే గాలి వస్తుందనుకున్నాను. ముందుది పాతది ఉన్నట్టే బిగించాను గానీ, వెనక ఫ్యాన్‌కు ఆ ముఖాన్ని బయటికి పెట్టాను. వీటికి అట్లా కాదట. స్టిక్కరు, దాన్ని పట్టుకునే పుల్లలు ఉన్న వైపు నుంచి గాలి పోతుంది. ఇద్దరూ ఒకే దిక్కు చూడాలె అన్నాడు.

తిప్పి బిగించాను. దోమల కాయిల్ వెలిగించి ముందు పెట్టాను. పొగ లోపలికి పోయి, రేకుల్లోంచి దూరి, వెనక నుంచి తిన్నగా బయటికొచ్చింది. ఎంత సేపు చూశానో.

3 సెప్టెంబర్, ఉదయం

యాభై రెండు డిగ్రీలు. గంట నడిచినా యాభై రెండే.

కంట్రోల్ కూడా సరిచేశాం. స్టార్ట్ అయ్యేటప్పుడు వచ్చే నీలం స్క్రీన్‌లో ఒక గీత ఉంటుంది. ఎంత వేడికి ఎంత జోరు అన్నది ఆ గీతే చెబుతుంది. చిన్నచిన్న వేడికి ఉలిక్కిపడకుండా మెల్లగా లేచేలా పెట్టించాడు ఖాలిద్ భాయ్.

అన్న పెట్టుకున్న సెట్టింగ్ ఒకటి డెస్క్‌టాప్ మీద దొరికింది. పేరు 'రికార్డింగ్'. నొక్కితే రెండు ఫ్యాన్లూ సున్నా. మైక్ పక్కనే పెట్టె ఉండేది కదా, చప్పుడు పడకుండా పాట అయ్యేదాకా ఫ్యాన్లు ఆపేసేవాడట. పెట్టె ఉడికిపోయేది. ఎన్నిసార్లు చెప్పినా వినలే, ఒక్క పాటకు ఏం కాదు భాయ్ అనేటోడు అన్నాడు ఖాలిద్ భాయ్.

అన్నీ అట్లాగే అనేవాడు. ఒక్క రోజుకు ఏం కాదు అని.

3 సెప్టెంబర్, మధ్యాహ్నం

అమ్మ వచ్చి కూర్చుంది. పది నిమిషాలు. ఫ్యాన్లు తిరుగుతున్నాయి, చప్పుడు లేదు. చెవి దగ్గర పెట్టి చూసింది. లేచి, పంపేసినవ్ కదనే వాడిని అంది.

4 సెప్టెంబర్

అమ్మ మాట్లాడలేదు.

5 సెప్టెంబర్

మాట్లాడలేదు. అన్నం పెట్టి, కంచం చప్పుడు చేసి పోయింది.

7 సెప్టెంబర్, ఆదివారం. 11 గంటలు

అమ్మ అలిగిందని నాలుగు రోజులు ఫైల్ ముట్టలేదు. ఈ రోజు తెరుచుకుంది.

మూడు గీతలు, మూడు ట్రాకులు. మొదటిది 'అమ్మ'. అమ్మ పాడిన పాట, మూడు నిమిషాలు. రెండోదానికి అన్న పేరు పెట్టుకున్నాడు, 'నేను' అని. అందులో ఏమీ లేదు. ఆ చివరి నుంచి ఈ చివరికి జరిపి చూశాను. పెద్దది చేసి చూశాను. ఏమీ లేదు. వాడు పాడలేదు.

ఏం చెప్పను ఈమెకి? ఇంకా వారం ఉంది.

ఫైల్ తేదీ పోయిన ఏడాది సెప్టెంబర్ తొమ్మిది. జ్వరమొచ్చిన రెండో రోజు. ఆ పొద్దున నేను సూది పట్టుకుని నిలబడ్డాను, రక్తం ఇచ్చి పో అన్నాను. రేపిస్తాలే, అమ్మ పాట అయిపోనీ అన్నాడు. సరే అన్నాను. రోజూ అంతమందికి గుచ్చేదాన్ని, చెయ్యి పట్టి గుంజి గుచ్చితే ఏం పోయేది? ప్లేట్‌లెట్లు పడిపోతున్నాయని ఒక్క రోజు ముందు తెలిసేది. ఈ మాట ఎవరికీ చెప్పలేదు. అమ్మకు అసలే చెప్పలేదు.

10 సెప్టెంబర్

మూడో ట్రాక్ పేరు 'ఖాళీ గది'. ఇరవై రెండు సెకన్లు. పనికిరానిదేమో అని వినలేదు ఇన్నాళ్లూ.

ఖాలిద్ భాయ్‌ని అడిగాను. పాటకు ముందు అందరినీ ఊకె కూర్చోమని, ఉత్త గదిని కొంచెం రికార్డు చేస్తడు, ఆ చప్పుడు చూపిస్తే పాటలో ఉన్న అసొంటి చప్పుడునంతా సాఫ్ట్‌వేర్ తుడిచేస్తది అన్నాడు. అంటే తుడవడానికి తీసినది.

హెడ్‌ఫోన్ పెట్టుకుని విన్నాను.

ఊపిరి. మైక్ దగ్గర కూర్చున్న మనిషి ఊపిరి. ముక్కు పట్టేసి, కొంచెం గరగరగా, జ్వరంలో ఉన్న ఊపిరి. పందొమ్మిది సెకన్లు అదే. తర్వాత 'ఊ' అన్నాడు. అమ్మను ఇక మొదలుపెట్టమని.

అంతే. అన్న గొంతు మొత్తం అంతే ఉంది ఈ లోకంలో.

మళ్లీ మళ్లీ పెట్టుకుని విన్నాను. ల్యాబ్‌కి లేటు. సారు తిట్టాడు. తిట్టనీ.

14 సెప్టెంబర్, ఆదివారం. సాయంత్రం 6

పూజ అయింది. భోజనాలయ్యాయి. ఇంటినిండా చుట్టాలు. స్పీకర్ పెట్టి అమ్మను ముందు కూర్చోబెట్టాను. అన్న పాడలేదమ్మా అని చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. 'రికార్డింగ్' నొక్కాను. ఫ్యాన్లు ఆగాయి. ఖాలిద్ భాయ్ వెనక నిలబడి చూస్తున్నాడు.

ముందు 'ఖాళీ గది', వెంటనే పాట వచ్చేలా పెట్టి ప్లే నొక్కాను. ఇరవై రెండు సెకన్లు ఎంత పొడుగో! ఆదాము చిన్నాయన స్పీకర్ వైర్ ఊడినట్టుందే అన్నాడు. అమ్మ చెయ్యెత్తి ఆపింది. తల వంచి వింటోంది. ముక్కు పట్టింది వీడికి, ఆవిరి పట్టమని ఎవరన్నా చెప్పిన్రా అంది.

'ఊ' అన్నాడు అన్న.

అమ్మ వెంటనే నిటారుగా కూర్చుని పాట ఎత్తుకుంది. స్పీకర్లో పోయినేటి అమ్మ, కుర్చీలో ఈ ఏటి అమ్మ, ఇద్దరూ. మధ్యలో ఎక్కడా తేడా రాలేదు. చివరి దాకా పాడింది. తర్వాత అమ్మ నన్ను దగ్గరికి లాక్కుని తల నిమిరింది. రక్తం సంగతి అప్పుడు చెప్పాను, చెవిలో. నాకెరుకే బిడ్డా, ఆ పొద్దు వంటింట్ల ఉన్న అంది.

16 సెప్టెంబర్, ఉదయం 6.40

అమ్మ మళ్లీ పెట్టమంది. ఫ్యాన్లు ఆపాను. ఈసారి 'ఊ' రాకముందే పాట ఎత్తుకుంది. నేను పాజ్ నొక్కాను. తొందరపడ్డనా నాయినా అని అడిగింది. నన్ను కాదు.

పాజ్‌లోనే ఉంది. నా వేలు మౌస్ మీదే ఉంది. అమ్మ స్పీకర్ వైపు చెవి పెట్టింది. తలూపింది. మొదటి నుంచి పాడింది.