బాప్తిస్మపు తొట్టిలో ఛాసిస్

సంఘ పెద్దగారికి ప్రభువు నామమున వందనాలు.

మా పెరట్లోని బాప్తిస్మపు తొట్టి సారా కంపు కొడుతోందని మీ చెవిన పడిందట. నిజం తేలేదాకా నన్ను ప్రసంగానికి నిలబడనివ్వనన్నారట. అయ్యా, అందులో ఉన్నది మా నాన్నగారి పాత కారు ఛాసిస్, అదే, అడుగు చట్రం. చిమ్మెటను, తుప్పును గురించి వాక్యం ముందే హెచ్చరించింది. తుప్పూ పాపమూ ఒకటే, పైపైన గీకితే పోవు. బెల్లపు మడ్డి కలిపిన నీళ్లలో నానబెడితే తుప్పు ఊడుతుందని తెలిసి, అలాగే చేశాను. ఎండకు ఆ నీళ్లు పులిశాయి, అంతే. నీళ్లను ద్రాక్షారసం చేసే శక్తి ప్రభువుది. తాగుడు మీద నిప్పులు కురిపించే నాకు ఆ వరం దేనికండీ?

విచారణకు మీరు పంపిన మీ తమ్ముడుగారు చెంబు ముంచి రుచి చూశారు. "బాబూ, అవి తుప్పునీళ్లు!" అని మొత్తుకున్నాను.

"ఇనుము రక్తానికి మంచిదేలేవయ్యా. అయినా ఒక్క గుక్కతో ఏం తేలుతుంది?" అన్నారు.

అప్పట్నుంచి రోజూ వచ్చి తేలుస్తున్నారు. నిన్న బిందె తెచ్చారు.

నా ప్రసంగం మాట తర్వాత, ముందు ఆ విచారణ ఆపించండి. నిండా మునగనిదే బాప్తిస్మం చెల్లదని బోధించింది మీరే కదా! ఛాసిస్ అప్పుడే సగం బయటపడింది.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరుడు