చేతిపట్టీ మీది సిలువ

ఏలూరు, 12 ఆగస్టు 1934, ఆదివారం. పొద్దుటి నుంచి ముసురు. వాన కారుతున్న మూల పెంకులు సర్దాను.

అక్కడున్న పెట్టె జరిపితే అడుగున అన్నయ్య ఫొటో కనిపించింది. జర్మనీ యుద్ధానికి వెళ్లి బస్రా నుంచి పంపిన ఫొటో. ఆయన మాత్రం తిరిగి రాలేదు. చేతిపట్టీ మీద సిలువ చూసి, మతం మారాడనుకుని నాన్నగారు దాన్ని దాచేశారు. తద్దినమూ పెట్టలేదు.

అమ్మ మోకాలికి కట్టు కట్టడానికి వచ్చిన కాంపౌండరు దేవదానం గారు ఫొటో చూసి నవ్వారు. ఆయనా ఆ యుద్ధానికి వెళ్లినవారే.

"ఇది మా చర్చి సిలువ కాదండీ. గాయపడ్డవాళ్లను మోసే దళం గుర్తు. నాతో డోలీ పట్టినాయన రోజూ విభూతి పెట్టుకునేవారండీ. ఆయన చేతికీ ఇదే పట్టీ."

అమ్మ ఫొటోను అందుకుని కొంగుతో తుడిచింది.

"కొల్లేరు పొంగిన ఏడు నిన్ను భుజాన వేసుకుని నీళ్లు దాటించాడురా. అక్కడా అదే పని చేశాడన్నమాట."

ఆ తడి చొక్కా వాసన నాకింకా గుర్తుంది. నాన్నగారు ఉండగా ఎవరినైనా ఒక్క మాట అడిగి ఉంటే... నేనైనా అడగలేదు.

తిథి కోసం రేపు పంతులుగారి దగ్గరకు వెళ్లాలి. వీధి గదిలో నాన్నగారి ఫొటో పక్కనే మేకు కొట్టమని అమ్మ పిలుస్తోంది. సుత్తి ఎక్కడ పెట్టానో చూడాలి.