బర్మా టేకు మంచం

మామ్మా,

ఇవాళ నీ సంవత్సరీకం. గారెలు అమ్మే చేసింది, నీకు ఇష్టమైనట్టు అల్లం ఎక్కువేసి.

పంజాగుట్ట ఇంట్లో ఇప్పటికీ ఎవరూ నీ మంచం వాడటం లేదు. "ఆదిలాబాద్ అడవి నుంచి వచ్చినదానివి, బర్మా టేకు మీద కూర్చుంటావేంటే?" అని, కొత్త కోడలిగా వచ్చిన అమ్మను ఆ మంచం మీంచి లేపావట. చివరి రోజుల్లో నీ పక్కబట్టలు కూడా అమ్మ నిలబడే మార్చేది.

అందరూ అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులు చేస్తుంటే, నేను కలప పరీక్షించే ల్యాబ్‌లో చేరాను. చెట్టు తాగిన నీటి గుర్తులు చెక్కలో ఉండిపోతాయి. వాటిని కొలిచి, వేర్వేరు అడవుల నమూనాలతో పోలిస్తే అది ఎక్కడ పెరిగిందో చెప్పవచ్చు. నీ మంచం కోడు లోపలి నుంచి చిన్న ముక్క తీసి పరీక్ష చేయించాను.

నిన్న ఫలితం వచ్చింది. అది బర్మా టేకు కాదు. ఆదిలాబాద్ అడవిది.

అమ్మ నవ్వుతుందనుకున్నాను. బాణలిలో గారె తిప్పుతూ అంది:

"జర ముందే చెప్పకపోతివి బిడ్డా. ఆమె నోట్ల తులసినీళ్లు పోసేటప్పుడు చెవుల నారాయణ అనుమన్నరు నన్ను. గా పేరు బదులు గిదే చెప్తుంటి."