గాల్లో వడ్డన

శ్రీ వంటమేస్త్రి గారికి,

నమస్కారం. పోయిన సోమవారం దీవి నుంచి వచ్చిన మా విమానంలో మీరు కిటికీ పక్క సీటులో ప్రయాణించారు. ప్రయాణించారని టికెట్టు చెబుతోంది గానీ, మీరు ఆ సీటులో కూర్చోగా మా సిబ్బందిలో ఎవరూ చూడలేదు. ఆ రోజు సిబ్బందికి పెద్దను నేనే కాబట్టి ఈ ఉత్తరం రాయడం నా వంతుకు వచ్చింది.

భోజనాల బండి మీ వరస దాటుతుండగా మీరు లేచి, బండి తోస్తున్న మా అమ్మాయితో "నీకు చెయ్యి తిరగట్లేదు, పక్కకి జరుగు తల్లీ" అని బండి లాక్కున్నారు. వద్దన్నవాళ్లకు కూడా బలవంతాన పెట్టారు. మనిషికి రెండేసి పొట్లాలు ఇవ్వడంతో సగం విమానానికే అన్నీ అయిపోయాయి. వెనక వరసలవాళ్లు గోల పెడితే, తెర తీసుకుని లోపలికి వెళ్లి, పైలట్ గారి కోసం విడిగా దాచిన భోజనం తెచ్చి కవలపిల్లల తల్లికి వడ్డించారు. విమానం కుదుపుల్లో ఉంది, బెల్టులు పెట్టుకోండని మైకులో మొత్తుకుంటుంటే, మీరు కాఫీ కూజాతో నడవలో నిలబడి "ఎవరికి, ఎవరికి" అని తిరిగారు.

దీనికి మీ సమాధానం రాసి పంపగలరు.

ఇట్లు,
విమాన సిబ్బంది పర్యవేక్షకురాలు

తా.క.: కూజా మూత ఇంతవరకు దొరకలేదు.

*

చి.ల.సౌ. విమానం అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరం అందింది, చదువుతుంటే కళ్లు చెమర్చాయి. ఇన్నేళ్లుగా ఎందరి ఇళ్లలోనో పెళ్లిళ్లకూ పేరంటాలకూ వండాను. పదార్థం తక్కువైతే గుట్టుగా సర్దేసేవాళ్లనే చూశాను గానీ, ఇలా పూసగుచ్చినట్టు రాసి ఒప్పుకున్నవాళ్లను చూడలేదు. మీ కంపెనీది పెద్ద మనసు. నేనేమీ అనుకోలేదు, మీరూ మనసులో పెట్టుకోకండి. ఎంత చెయ్యి తిరిగినవాళ్లకైనా ఒక్కోసారి తక్కువ పడుతుంది.

సమాధానం రాయమన్నావు కాబట్టి ఒక మాట చెబుతాను. మీ లోపం వంటలో లేదు, అడగడంలో ఉంది. మీ పిల్లలు "కావాలా" అని ఒక్కసారి అడిగి వెళ్లిపోతున్నారు. మొదటిసారి అడిగితే ఎవరైనా మొహమాటానికి వద్దంటారు. రెండోసారి అడిగితే ఆలోచిస్తారు. మూడోసారి అడక్కుండా వేసెయ్యాలి. బండి తోసే ఆ పిల్ల మంచిదే, కానీ భయపడుతూ వడ్డిస్తుంది. నా దగ్గరికి పంపిస్తే నెల తిరిగేలోగా భయం పోగొడతాను.

ఇట్లు,
అందరూ గరిటె బాబాయి అని పిలిచే వంటమేస్త్రి

తా.క.: మూత నా సంచిలో ఉంది. బట్టల మధ్యకి ఎలా చేరిందో ఆ దేవుడికే తెలియాలి.

ఇంకో తా.క.: పాపం, పైలట్ ఏం తిన్నాడు? ఆ ముక్క నువ్వు రాయలేదు. అది తెలిసేదాకా నాకు ముద్ద దిగదు.

*

వంటమేస్త్రి గారికి,

నమస్కారం. నా ఉత్తరం మీరు మళ్లీ ఒకసారి చదవండి. వీలైతే ఇంకెవరిచేతనైనా చదివించుకోండి. మేం మిమ్మల్ని క్షమించమని అడగలేదు. తప్పు చేసింది మీరు, నిలదీసింది మేము. మీ జవాబు మా పై అధికారి ముందు పెడితే ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుని, మళ్లీ చదివి, "అంటే ఈయన మనల్ని క్షమించాడా?" అని అడిగారు. అందరిముందూ నాకు తల కొట్టేసినట్టయింది.

కంపెనీ నిర్ణయం ఇది. ఆరు నెలలపాటు మీరు మా విమానం ఎక్కడానికి వీల్లేదు. నేను చెప్పగలిగింది ఇంతే.

ఇట్లు,
పర్యవేక్షకురాలు

తా.క.: నేను అమ్మాయిని కాను. మా అబ్బాయికి గడ్డం వచ్చింది.

ఇంకో తా.క.: పైలట్ గారు బిస్కెట్లు తిన్నారు. దిగాక ఆ రోజంతా ఎవరితోనూ మాట్లాడలేదు.

*

చెల్లెమ్మ గారికి,

గరిటె అన్నయ్య నమస్కారాలు. ఆరు నెలలంటే ఎలాగమ్మా? ఆ దీవిలో నాకు ఒక్కగానొక్క కూతురుంది. తల్లి లేని పిల్ల. వచ్చే నెలలో పురుడు. మొన్న చూసి వచ్చేటప్పుడు "నాన్నా, నువ్వు తలుపు అవతల ఉన్నావని తెలిస్తే చాలు, నాకు భయముండదు" అంది. ఉంటానని మాటిచ్చాను. అక్కడికి రైలు లేదు, బస్సు లేదు, వానల్లో పడవ తిరగదు. ఉన్నదల్లా మీ విమానమే.

నేను కావాలని చేసింది కాదమ్మా. ఎదురుగా ఎవరైనా వడ్డిస్తుంటే నా కాళ్లు నిలవవు, అంతే. నన్ను ఎక్కనివ్వండి. సీటు ఇవ్వకపోయినా ఫరవాలేదు, పెట్టెల మధ్య పడేసి తీసుకెళ్లండి.

పైలట్ గారి ఉసురు తగిలిందేమోనని మనసు పీకింది. అందుకే ఇవాళ పొద్దున ఆయన ఇంటిల్లిపాదికీ సరిపడా వండి, పెద్ద స్టీలు డబ్బాలో పెట్టి, తొణక్కుండా మూతకు తీగ చుట్టి, మీ టికెట్ల కౌంటరు పక్కన పెట్టి వచ్చాను. అప్పటికి అక్కడ ఎవరూ లేరు, చెప్పే వీలు లేకపోయింది.

ఇట్లు,
మీ దయ కోరే అన్నయ్య

తా.క.: ఈ ఉత్తరం మనిషిచేత పంపుతున్నాను, చల్లారకముందే తినమనండి. డబ్బాలోంచి టిక్కుటిక్కుమని చప్పుడొస్తే కంగారుపడొద్దు. ఆవిరికి మూత కొట్టుకుంటోంది, అంతే.

*

అన్నయ్య గారికి,

నమస్కారం. మీ ఉత్తరం నాకు అందేసరికి మీ డబ్బా చప్పుడు విని పోలీసులు వచ్చేశారు. హాలంతా ఖాళీ చేయించారు. కుక్కను తెచ్చారు. అది ఒకసారి వాసన చూసి డబ్బా ముందు చతికిలబడింది, ఎంత లాగినా కదల్లేదు. కుక్క అలా కూర్చుంటే లోపల బాంబు ఉన్నట్టు లెక్కట. ఇసక మూటలు పేర్చారు. చివరికి ఒకాయన ఒళ్లంతా కప్పే బట్టలేసుకుని, పొడవాటి కర్రతో తీగ తెంపి మూత లేపాడు. ఆ తర్వాత జరిగింది కాగితం మీద పెట్టడం పోలీసులకు మర్యాద కాదు. పైలట్ గారు వచ్చేసరికి అడుగున కొంచెం మిగిలింది. ఆయన నిలబడే అది తినేసి, "ఆ పెద్దాయన్ని ఎక్కనివ్వండి" అన్నారు.

పై అధికారి ససేమిరా అన్నారు. మీ అమ్మాయి మాట ఆయనకు చదివి వినిపించాను. మా అబ్బాయి పుట్టినప్పుడు తలుపు అవతల నాకు ఎవరూ లేరు, అన్నయ్య గారూ. అదెలా ఉంటుందో నాకు తెలుసు. అందుకని నా పూచీ మీద ఒక్కసారికి ఒప్పించాను.

షరతు ఒక్కటే. ఎక్కి కూర్చున్నాక, ఏం జరిగినా సరే, మీరు లేవకూడదు. లేచారని తెలిస్తే నా ఉద్యోగం ఊడుతుంది. మీరు ఎక్కే రోజు నాకు వేరే విమానంలో డ్యూటీ, చెప్పడానికి నేను పక్కన ఉండను.

ఇట్లు,
మీ చెల్లెలు

తా.క.: లేవకూడదంటే లేవకూడదు. సగం లేచి మళ్లీ కూర్చున్నానంటే కుదరదు.

ఇంకో తా.క.: కుక్క డ్యూటీకి వెళ్లనంటోంది. డబ్బా పక్కనే పడుకుంటోంది.

*

చెల్లెమ్మకు,

దీవి నుంచి అన్నయ్య ఆశీస్సులు. నీ ఉద్యోగానికి ఢోకా లేదు. ముందు ఆ మాట రాసేస్తే మిగతాది నిదానంగా చదువుకుంటావు.

ఎక్కి కూర్చున్నాను. బండి వచ్చింది. తోసేది ఆ అమ్మాయే. నేను రెండు చేతులూ తొడల కింద పెట్టుకున్నాను. ఆ పిల్ల నా పక్క సీటాయన్ని "కావాలా అండీ" అని అడిగింది. వద్దన్నాడు. నావైపు ఓరగా చూసి మళ్లీ అడిగింది. మూడోసారి అడక్కుండా పెట్టేసింది. నా ప్రాణం లేచొచ్చింది, నేను మాత్రం లేవలేదు.

విమానం వాలింది. అందరూ దిగారు. నేను కూర్చున్నాను. "దిగండి బాబాయ్ గారూ" అంది ఆ అమ్మాయి. నీ ఉత్తరం తీసి చూపించాను. కూర్చున్నాక లేవకూడదని ఉంది గానీ, మళ్లీ ఎప్పుడు లేవాలో నువ్వు రాయలేదు. తా.క.లు కూడా వెతికాం. పైలట్ గారు వచ్చి బతిమాలారు. "అయ్యా, ఒకసారి మీ భోజనం పోగొట్టాను, ఇప్పుడు ఆవిడ ఉద్యోగం కూడా పోగొట్టమంటారా" అన్నాను. ఊడ్చేవాళ్లు వచ్చి నా కాళ్లు పైకెత్తించి, కింద ఊడ్చుకుని వెళ్లిపోయారు. నీకు ఫోను చేస్తే నువ్వు గాల్లో ఉన్నావన్నారు.

అంతలో బయటి నుంచి అల్లుడు కబురు పంపాడు, నొప్పులు మొదలయ్యాయని. చెల్లెమ్మా, అప్పటి నా అవస్థ పగవాడికి కూడా వద్దు. అటు కూతురికిచ్చిన మాట, ఇటు నా కోసం పూచీ పడ్డ నువ్వు. అంతమంది ముందూ ఏడ్చేశాను.

ఆ బండి అమ్మాయే దారి చూపించింది. చక్రాల కుర్చీ తెప్పించింది. పైలట్ గారు ఒక పక్క, అల్లుడు ఒక పక్క పట్టుకుని, నన్ను కూర్చున్నవాణ్ణి కూర్చున్నట్టే ఎత్తి అందులో పెట్టారు. కుర్చీతో సహా వ్యాన్లోకి ఎక్కించారు. రేపు ఎవరైనా అడిగితే సాక్ష్యానికి విమానం సిబ్బంది మొత్తం ఉన్నారు.

పురుటి గది తలుపు పక్కన కుర్చీ ఆపారు. "నాన్నా, వచ్చావా" అని లోపల్నించి అరిచింది. "ఇక్కడే ఉన్నా తల్లీ, కదల్లేదు" అన్నాను. ఆ తర్వాత అది ఇంకోసారి పిలవలేదు, నేనున్నానన్న ధైర్యం కాబోలు. ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. నర్సు తెచ్చి నా ఒళ్లో పెట్టింది.

రేపు విమానం తిరిగి వచ్చేటప్పుడు పైలట్ గారే ఈ ఉత్తరం తెచ్చిస్తానన్నారు. నేను ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాను. ఎప్పుడు లేవాలో రాసి పంపు.

ఇట్లు,
నీ మాట దాటని అన్నయ్య

తా.క.: పాప నా ఒళ్లోనే నిద్రపోయింది. జవాబు వెంటనే రాయాలనేం లేదు.